మొండి నట్టు, పొడుగు రాడ్డు

టెక్నాలజీ శీర్షిక అనగానే కొత్త ఫోను గురించో, కొత్త ప్రోగ్రామింగ్ భాష గురించో అనుకుంటారు. ఈసారి అవేవీ కాదు. బ్యాటరీ, స్క్రీను, పాస్‌వర్డు ఏవీ అక్కర్లేని ఒక ఇనుప రాడ్డు గురించి చెప్పబోతున్నాను. పేరు బ్రేకర్ బార్. బిగుసుకుపోయిన నట్లనీ బోల్టులనీ కదిలించడానికి వాడే పొడుగు పిడి. దీని గురించి నాకు తెలియకపోవడం వల్ల ఒకసారి మా ఇంట్లో జరిగిన నష్టం ఇంకా పూడలేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు ఊరి సంగతి. కౌలాలంపూర్‌కి దక్షిణాన, పుత్రజయ పక్కనే ఉంటుంది మా సైబర్‌జయ. పామాయిల్ తోటలు కొట్టి కట్టిన ఊరు. మల్టీమీడియా సూపర్ కారిడార్‌లో భాగంగా 1997లో మహాథిర్ ప్రారంభించాడు. ఇక్కడ ఉద్యోగాలకొచ్చిన తెలుగువాళ్ళలో చాలామందిది ఒకటే కథ. అద్దె ఫ్లాటు, పాత కారు, ఇండియాకి ఏడాదికో ప్రయాణం. రోడ్లు విశాలంగా ఉంటాయి. ఆఫీసులు మూశాక మాత్రం మనిషి కనపడడు.

2018 నవంబరులో ఒక సాయంత్రం. మా మామగారికి మర్నాడు పొద్దున్నే హైదరాబాదులో గుండె ఆపరేషన్. మా ఆవిడ ఆ రాత్రి పదింబావు విమానానికి బయల్దేరాలి. ఎయిర్‌పోర్టు మా ఇంటినుంచి అరగంట ప్రయాణం. ఏడు గంటలకే బయటపడ్డాం. పది నిమిషాలు కాకుండానే కారు ఎడమవైపుకి లాగింది. దిగి చూస్తే టైరు నేలకి అతుక్కుపోయి ఉంది. పైన వాన.

స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, కారుతో పాటు వచ్చిన వీల్ పానా ఉంది. పావుగంట పని అనుకున్నాను. ముందు జాకీతో కారు ఎత్తాను. అది మొదటి తప్పు, ఎందుకో తర్వాత చెప్తాను. పానా పెట్టి తిప్పితే నట్టు బదులు చక్రమే తిరిగింది. దించి మళ్ళీ పట్టాను. నట్టు కదల్లేదు. పానా మీద ఎక్కి నిలబడ్డాను. కదల్లేదు. ఎగిరి దూకాను. పానా జారి నట్టు అంచులు చెక్కుకుపోయాయి, నా మోకాలి కింద చర్మం కూడా. డిక్కీలో ఉన్న చవక టూల్ కిట్‌లోంచి రాచెట్ తీసి బిగించి లాగితే లోపల కరకరమని పళ్ళు విరిగాయి.

ఈలోగా మా ఆవిడ ఫోన్లో టాక్సీ కోసం చూస్తోంది. వానలో ఒకటి ఒప్పుకుని రద్దు చేసుకున్నాడు, ఇంకొకడూ అంతే. మూడోవాడు ఇరవై నిమిషాల్లో వస్తానన్నాడు. "వద్దులే, ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోతుంది" అన్నాను నేను. నా మాట నమ్మి తనే దాన్ని రద్దు చేసింది. ప్రాజెక్టు మీటింగుల్లో మనం చెప్పే "ఇంకో రెండ్రోజులు" ఎలాంటిదో మీకు తెలుసు కదా, ఇదీ అలాంటిదే.

ఎనిమిదింటికి ఒక చిన్న లారీ ఆగింది. అరవై దాటిన పెద్దాయన దిగాడు. మేమిద్దరం విసుక్కుంటున్న మాటలు విని, "తెలుగోళ్ళా మీరు? ఏటి బాబూ, ఇరుక్కుపోనాదా?" అన్నాడు. పేరాక్ రాష్ట్రంలో బగన్ దాతో దగ్గర కొబ్బరితోటలో పుట్టాడట. తాతగారు శ్రీకాకుళం వైపునుంచి వచ్చారట. కష్టంలో ఉన్నప్పుడు చెవిన పడ్డ తెలుగు ఎలా ఉంటుందో బయటి దేశాల్లో ఉన్న మీకు చెప్పక్కర్లేదు.

ఆయన లారీలోంచి గజం పొడుగు రాడ్డు తెచ్చాడు. జాకీ దించమన్నాడు. సాకెట్ నట్టు మీద నిండా కూర్చోబెట్టి, ఎగరకుండా దూకకుండా, రెండు చేతుల్తో నిదానంగా లాగాడు. టక్‌మని శబ్దం వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి మూడు నట్లు అలాగే వచ్చేశాయి. నేను చెక్కేసిన నాలుగోది మాత్రం రాలేదు. దాని మీద కాస్త చిన్న సైజు సాకెట్‌ని సుత్తితో దిగ్గొట్టి, అప్పుడు తిప్పి తీశాడు. ఆ ఒక్క నట్టుకీ అరగంట పట్టింది.

"బాబాయిగారూ, ఏమైనా తీసుకోండి" అంటే చెయ్యి అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. మేం ఎయిర్‌పోర్టు చేరేసరికి తొమ్మిదీ ఇరవై. కౌంటరు మూసి ఐదు నిమిషాలైంది.

మా ఆవిడ మర్నాడు వెళ్ళింది. ఆపరేషన్ బాగానే జరిగింది, మామగారు కోలుకున్నారు. కానీ లోపలికి తీసుకెళ్ళేముందు "పెద్దది వచ్చిందా?" అని రెండుసార్లు అడిగారట. ఆ మాట మా ఆవిడ నాతో ఒక్కసారే చెప్పింది.

నట్టు ఎందుకు మొండికేస్తుంది?

ఆ వారాంతం కూర్చుని అసలేం జరిగిందో లెక్క వేసుకున్నాను. మనకి ఏదైనా పాడైతే లాగ్ చదివే అలవాటు ఉంది కదా, అలా అన్నమాట.

నట్టుని బిగించినప్పుడు అది బోల్టుని రబ్బరు బ్యాండులా సాగదీస్తుంది. ఆ సాగిన బోల్టు వెనక్కి లాగే బలమే చక్రాన్ని పట్టి ఉంచేది. విచిత్రం ఏమిటంటే, మనం తిప్పే బలంలో సుమారు సగం నట్టు అడుగున ఒరిపిడికే పోతుంది. ఇంకో 40 శాతం మరల మధ్య ఒరిపిడికి పోతుంది. బోల్టుని సాగదీయడానికి మిగిలేది పదో వంతు. మామూలు చిన్న కారుకి వీల్ నట్లు సుమారు 100 న్యూటన్ మీటర్లతో బిగించాలి. హోండా కార్ల మాన్యువల్స్‌లో 108 అనీ, టొయోటా చిన్న కార్లకి 103 అనీ ఉంటుంది. అంత బిగిస్తే 12 మి.మీ. స్టడ్ ఒక్కొక్కటీ నాలుగు టన్నులకి పైగా బలంతో చక్రాన్ని అదిమి పడుతుంది.

సరిగ్గా బిగించిన శుభ్రమైన నట్టుని విప్పడానికి, బిగించిన దానికన్నా కాస్త తక్కువ బలమే చాలు. మొండికేయడానికి కారణాలు రెండు. ఒకటి తుప్పు. ఏడాది పొడవునా వాన, ఉక్కపోత ఉండే ఈ దేశంలో, పైగా బ్రేకుల వేడికి పక్కనే ఉండే నట్లకి అది తప్పదు. రెండోది, అసలు దోషి, గాలితో నడిచే ఇంపాక్ట్ గన్. అంతకు నెల ముందు నేను టైర్లు మార్పించిన ఒక బెంగ్కెల్‌లో, అంటే ఇక్కడి మెకానిక్ షాపులో, కుర్రాడు గన్‌తో టకటకమని చివరిదాకా బిగించి పంపాడు. నేను పక్కనే నిలబడి ఫోను చూసుకుంటున్నాను. అలా బిగిస్తే 200 న్యూటన్ మీటర్లు దాటడం పెద్ద విషయం కాదు. అక్కడికి వచ్చేసరికి 12 మి.మీ. స్టడ్ తన శక్తి హద్దుకి చేరుకుంటుంది. దానికి తుప్పు తోడైతే విప్పడానికి 250 కావాలనుకుందాం.

ఏతాం లెక్క

పల్లెటూళ్ళో పెరిగినవాళ్ళకి ఏతాం గుర్తుండే ఉంటుంది. పొడుగు దూలానికి ఒక చివర బాన, రెండో వైపు మనిషి. బక్కపలచని మనిషి బావిలోంచి అంత నీరు తోడగలిగేది దూలం పొడుగు వల్లే. పానా సంగతీ అంతే. తిప్పే బలం అంటే మనం వేసే బలం, పిడి పొడుగు, ఈ రెంటి లబ్ధం.

నా బరువు 68 కిలోలు. కారుతో వచ్చిన పానా పొడుగు 25 సెం.మీ. నేను దాని చివర రెండు కాళ్ళతో నిలబడ్డా వచ్చేది 167 న్యూటన్ మీటర్లే. కావలసింది 250. అంటే ఆ రాత్రి నేను ఎంతసేపు నిలబడినా ఆ నట్టు రాదు. "ఇంకో ఐదు నిమిషాలు" అన్న మాటకి మొదటినుంచీ అర్థం లేదు.

అదే 250 కి ఏ పొడుగుతో ఎంత బలం వేయాలో చూడండి:

25 సెం.మీ. పిడికి 102 కిలోల బరువంత
45 సెం.మీ. పిడికి 57 కిలోలు
60 సెం.మీ. పిడికి 43 కిలోలు
75 సెం.మీ. పిడికి 34 కిలోలు
1 మీటరు పిడికి 26 కిలోలు

60 దాటితే మామూలు మనిషి నేలమీద నిలబడి చేతుల్తో లాగగలిగే పరిధిలోకి వచ్చేస్తుంది.

రాచెట్ ఎందుకు పనికిరాదు?

రాచెట్ లోపల చిన్న పళ్ళ చక్రం, దాన్ని ఆపే బుల్లి మీట ఉంటాయి. మన లాగుడంతా ఆ నాలుగైదు పళ్ళ మీదే పడుతుంది. అది వదులైన నట్టుని గబగబా తిప్పడానికి పుట్టిన పరికరం. బ్రేకర్ బార్‌లో పళ్ళూ లేవు, మీటా లేదు. ఒక పొడుగు ఉక్కు కడ్డీ, చివర ఒక మడత కీలు, దానికి సాకెట్ తగిలించే చదరపు మొన, అంతే. విరగడానికి లోపల ఏమీ లేకపోవడమే దాని గొప్ప. మలేషియా షాపుల్లో ఫ్లెక్స్ హ్యాండిల్ అనీ, పవర్ బార్ అనీ కూడా అంటారు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు మూడు పేర్లూ కొట్టి చూడండి.

ఎలా ఎంచుకోవాలి?

మొదట చూడాల్సింది పొడుగు కాదు, చదరపు మొన కొలత. ఇవి పావంగుళం, 3/8, అరంగుళం, ముప్పావంగుళం, అంగుళం సైజుల్లో వస్తాయి. మెలితిప్పుడుని తట్టుకునే శక్తి ఆ చదరం భుజానికి ఘనం లెక్కన పెరుగుతుంది. 3/8 నుంచి అరంగుళానికి వెళ్తే కొలత మూడో వంతే పెరిగినా, శక్తి 2.4 రెట్లవుతుంది. అరంగుళం నుంచి ముప్పావుకి వెళ్తే దాదాపు 3.4 రెట్లు. కారు చక్రాలకి అరంగుళం సరిపోతుంది. ముప్పావు లారీలకి. 3/8 మొనతో రెండడుగుల రాడ్డు ఎవరైనా అమ్మితే కొనకండి. పిడి ఇచ్చే బలాన్ని మొన మోయలేదు.

తర్వాత పొడుగు. పొడుగు పెరిగేకొద్దీ మంచిదే అనుకుంటాం కానీ దానికీ హద్దుంది. మంచి అరంగుళం పిడుల్ని సుమారు 500 న్యూటన్ మీటర్ల దాకా పరీక్షించి చూస్తారు. మీటరు రాడ్డు చివర నా బరువంతా వేస్తే 667 వస్తుంది. ఏదో ఒకటి విరగాలి, మొన గానీ స్టడ్ గానీ. 60 సెం.మీ. రాడ్డు మీద అదే బరువు వేస్తే 400. అంటే ఆ పొడుగులో నా శక్తీ రాడ్డు శక్తీ సరిగ్గా జోడు కుదురుతాయి. పైగా చిన్న కారు డిక్కీలో పడుతుంది. అందుకని అరంగుళం మొన, 24 అంగుళాల పిడి, ఇది నా ఎంపిక. మీరు సన్నగా, తేలిగ్గా ఉండేవారైతే, లేదా ఇంట్లో ఆడవాళ్ళు కూడా వాడాల్సి వస్తుందనుకుంటే, 30 అంగుళాలది తీసుకోండి. 15, 18 అంగుళాలవి చవగ్గా దొరుకుతాయి కానీ మొండి నట్టు దగ్గర మళ్ళీ నా కథే.

జరిపితే పొడుగయ్యే టెలిస్కోపిక్ రకాలున్నాయి. డిక్కీలో చోటు తక్కువైతే పరవాలేదు. కానీ జరిగే ప్రతి జాయింటూ వదులయ్యే జాయింటే. తాళం సరిగ్గా పడిందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి.

మూడోది కీలు. షాపులో రాడ్డుని చేతిలోకి తీసుకుని తలని అటూ ఇటూ ఆడించండి. బిగువుగా కదలాలి, పెట్టిన చోట నిలబడాలి. వేలాడిపోతే వద్దు. కీలుకున్న పిన్ను, తల విడిగా దొరికే రకమైతే మరీ మంచిది. విరిగేది సాధారణంగా అక్కడే.

నాలుగోది ఉక్కు. డబ్బామీద క్రోమ్ వెనేడియం అనో, క్రోమ్ మాలిబ్డినం అనో ఉంటుంది. మెరిసే చేతి సాకెట్లు ఎక్కువగా మొదటి రకం. గట్టివి, కానీ మరీ ఎక్కువ దెబ్బకి పెళుసుగా పగులుతాయి. నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు ఎక్కువగా రెండో రకం. గోడ మందం, దెబ్బ తట్టుకుంటాయి. ఏమీ రాయకుండా కేవలం "మంచి ఉక్కు" అని రాసినది వదిలేయండి.

ఐదోది, చాలామంది మర్చిపోయేది, సాకెట్. రాడ్డు ఎంత మంచిదైనా నట్టుని పట్టేది సాకెట్టే. లోపల ఆరు మూలలు ఉన్నదే కొనండి. పన్నెండు మూలలది తొందరగా కూర్చుంటుంది గానీ అంచుల చివర్లనే పట్టుకుంటుంది, నట్టుని చెక్కేస్తుంది. సైజు మీ కారు మాన్యువల్‌లో చూసుకోండి. హోండాలకి మామూలుగా 19, టొయోటాలకి 21 మి.మీ. ఉంటాయి. అలాయ్ చక్రాలైతే నట్టు చుట్టూ చోటు తక్కువ, పలచని గోడ ఉన్న సాకెట్ కావాలి. ఇంట్లోనే ఒకసారి పెట్టి చూసుకోండి, వానలో కాదు.

నేను కొన్నదానికి సాకెట్‌తో కలిపి 85 రింగిట్లయింది. రద్దయిన ఆ విమానం టికెట్టులో పదో వంతు కూడా కాదు.

ఎలా వాడాలి?

కారు చక్రాలు నేలమీద ఉండగానే, హ్యాండ్‌బ్రేక్ వేసి, నట్లని అరచుట్టు వదులు చేయండి. ఆ తర్వాతే జాకీ. గాల్లో ఉన్న చక్రం తిరుగుతుంది, అంత బలం వేసి లాగితే కారు జాకీమీంచి జారిపోవచ్చు కూడా. పెద్దాయన ముందు జాకీ దించమన్నది అందుకే.

సాకెట్ చివరిదాకా, నిటారుగా కూర్చోవాలి. మధ్యలో పొడిగింపు ముక్కలు పెట్టాల్సి వస్తే వీలైనంత చిన్నది పెట్టండి. పిడి, సాకెట్ లంబకోణంలో ఉంటేనే పూర్తి బలం అందుతుంది. తోయకండి, మీవైపుకి లాగండి. తోసినప్పుడు జారితే మొహం కారుకి తగులుతుంది. కుదుపులొద్దు. నిదానంగా పెంచుతూ పోతే ఒక క్షణంలో అదే టక్‌మంటుంది. పిడికి గొట్టం తొడిగి ఇంకా పొడుగు చేయడం మన ఆటోనగర్లలో రోజూ చూస్తాం. చేసేవాళ్ళకి అలవాటు, మనకి ఆస్పత్రి.

తిప్పే దిక్కు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. కార్ల నట్లు గడియారానికి ఎదురుగా తిప్పితే వదులవుతాయి. కొన్ని పాత లారీల ఎడమవైపు చక్రాలకీ, సైకిలు ఎడమ పెడల్‌కీ మాత్రం మర తిరగబడి ఉంటుంది.

తుప్పు పట్టిన ఇతర బోల్టులకి చొచ్చుకుపోయే నూనె కొట్టి పావుగంట ఆగడం మంచిది. వీల్ నట్ల మరలకి మాత్రం నూనె రాయకండి. ఒరిపిడి తగ్గి, అదే బిగింపుకి స్టడ్ ఎక్కువ సాగిపోతుంది.

అన్నింటికన్నా ముఖ్యం, బ్రేకర్ బార్‌తో ఎప్పుడూ బిగించకండి. విప్పే పొడుగే బిగించేటప్పుడు శత్రువు. దారిలో ఐతే కారు పానాతో చేతి బలంతో బిగించి, ఇంటికొచ్చాక టార్క్ రెంచితో సరిచూసుకోండి. వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడాలి. టార్క్ రెంచితో మొండి నట్లు విప్పకూడదు, దాని కొలత చెడిపోతుంది. ఒకటి విప్పడానికి, ఒకటి బిగించడానికి.

అసలు బగ్ ఎక్కడుంది?

ఇదంతా చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. రాడ్డు కొనడం ప్యాచ్ మాత్రమే. అసలు బగ్, బిగించిన రోజున నేను ఫోను చూసుకుంటూ నిలబడటంలో ఉంది. ఇప్పుడు టైర్ల పని చేయించినప్పుడల్లా "జంగన్ కెటాట్ సంగత్" అంటాను, మరీ గట్టిగా వద్దని. చివరి బిగింపు టార్క్ రెంచితో చేయమంటాను. వాళ్ళ దగ్గర లేకపోతే ఇంటికొచ్చి ఒక్కొక్క నట్టూ వదులు చేసి నేనే బిగిస్తాను. పావుగంట పని. ఈసారి నిజంగానే పావుగంట. స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా అప్పుడే చూస్తాను.

మీ కారులో ఈ శనివారం ఒక పని చేయండి. స్టెప్నీ తీసి, కారుతో వచ్చిన పానాతో ఒక్కొక్క నట్టూ కదులుతుందో లేదో చూడండి. కదిలితే సంతోషం, సరైన కొలతతో మళ్ళీ బిగించి ఊరుకోండి. కదలకపోతే ఎండలో, పగలు, ఎవరికీ విమానం లేని రోజున తెలిసిపోయిందన్నమాట.

మా డిక్కీలో ఆ రాడ్డు ఇప్పటికీ ఉంది. నా కోసం ఇంతవరకూ రెండుసార్లే తీశాను. ఇతరుల కోసం నాలుగుసార్లు. నాలుగోసారి, ఇక్కడి యూనివర్సిటీ గేటు దగ్గర ఇద్దరు చైనీస్ కుర్రాళ్ళు పానా మీద ఎక్కి దూకుతుంటే, నేను కారు ఆపకముందే మా ఆవిడ సీటు బెల్టు తీసేసింది. "ముందు వాళ్ళని జాకీ దించమనండి" అంది.